సచిన్ స్టేషను సిగ్నలు: పాత ఛాయాచిత్రముల పరిష్కరణము

తాటాకు ప్రతిని పరిష్కరించు పండితుడు చివరి ఆకుమీద లేఖకుడు వ్రాసిన పేరును, తిథిని చూచి అంతటితో తృప్తిపడడు. లిపిని పరీక్షించును, తలకట్టు తీరును చూచును, రేఫము వ్రాసిన పద్ధతిని గమనించును. ఆ తరువాతనే ప్రతి కాలమును గూర్చి నోరు విప్పును. పాత ఛాయాచిత్రము విషయములో ఈ జాగ్రత్త అరుదు. అడుగున ఎవరో పెన్సిలుతో వ్రాసిన ఊరి పేరే ప్రమాణముగా చెల్లిపోవుచున్నది. ఆ పేరు వ్రాసినవాడు చిత్రము తీసినవాడు కాకపోవచ్చును. ఆల్బమును కొన్నవాడో, వేలము వేసినవాడో, గ్రంథాలయములో జాబితా కట్టిన గుమాస్తాయో కావచ్చును. ఒకమారు అచ్చుపడిన పేరు రెండవ గ్రంథమునకు ఆధారమగును; మూడవ గ్రంథము ఆ రెంటిని ఇద్దరు సాక్షులుగా చూపును. రైలు చిత్రములలో ఈ ప్రమాదము మరింత హెచ్చు, ఏలనన చూచువానికి చిన్న స్టేషనులన్నియు ఒక్క తీరుగానే కనబడును. కాని తప్పును పట్టి ఇచ్చు సాక్షి ఆ చిత్రములోనే, అందరికంటె ఎత్తుగా, నిలిచియుండును. అది సిగ్నలు.

ఉదాహరణమునకు సచిన్ స్టేషనును తీసికొనవచ్చును. సూరతునకు దక్షిణముగా సుమారు 15 కిలోమీటర్ల దూరమున, ముంబయి–అహమ్మదాబాదు ప్రధాన మార్గముమీద ఉన్న స్టేషను ఇది. తెలుగువారికి ఈ పేరు బొత్తిగా క్రొత్తది కాదు. తెలంగాణమునుండి మగ్గముల పనికై సూరతు చేరిన పద్మశాలీల కుటుంబములు పెక్కు. సచిన్‌లోని పారిశ్రామికవాడ సూరతు వస్త్ర పరిశ్రమలో ఒక ముఖ్య భాగము. అంతకు పూర్వము సచిన్ ఒక చిన్న సంస్థానము. జంజీరా దీవిని ఏలిన హబ్షీ వంశమువారికి 1791లో ఒడంబడిక ద్వారా సంక్రమించి, 1948లో బొంబాయి రాష్ట్రములో కలిసిపోయెను. ఆ సంస్థానపు గ్రామములు ఒక్కచోట లేవు. బ్రిటిషువారి గ్రామముల నడుమను, బరోడా సంస్థానపు గ్రామముల నడుమను చెదరియుండెను. దక్షిణమున నవసారి బరోడా వారిది, ఉత్తరమున సూరతు బ్రిటిషువారిది, నడుమ సచిన్ నవాబుది. బండి గంటలోపల మూడు ప్రభుత్వముల నేల దాటెడిది. ఇట్టిచోట చిత్రము క్రింద ‘బరోడా రాజ్యము’ అని వ్రాయుటకును ‘సచిన్ రాజ్యము’ అని వ్రాయుటకును నడుమ ఒక సంస్థాన చరిత్రయే తారుమారగును.

ఈ మార్గమును వేసినది 1855లో ఏర్పడిన బొంబాయి, బరోడా అండ్ సెంట్రల్ ఇండియా రైల్వే. దాని మొదటి భాగము 1860లో అంకలేశ్వరమునుండి తాపీనదికి ఉత్తరపుటొడ్డున ఉన్న ఉత్రాణ్ వరకు తెరువబడెను. 1864 నాటికి పట్టాలు బొంబాయిలోని గ్రాంట్ రోడ్డు చేరినవి. సచిన్ మీది భాగము ఆ నడిమి సంవత్సరములలోనిది. కావున సచిన్ రైలు చిత్రమునకు పై హద్దు స్పష్టము: 1860కి ముందుది కాజాలదు. క్రింది హద్దును కూడ ఒక వస్తువు సూచించును. విరార్‌కు ఉత్తరముగా ఈ మార్గముమీద విద్యుత్తు తీగలు వచ్చినది 1970 దశకములో. పట్టాల ప్రక్క విద్యుత్ స్తంభములు లేనిచో చిత్రము అంతకు ముందుదని చెప్పవచ్చును. ఈ రెండు హద్దుల నడుమ నూరేండ్లకు పైబడిన కాలమున్నది. దానిని ఇరుకుపరచుటకే సిగ్నలు కావలెను.

ముందుగా ఒక చిన్న పరీక్ష. పట్టాల నడిమి వెడల్పును ప్రక్కన నిలిచిన మనిషి ఎత్తుతో పోల్చవలెను. సచిన్ మార్గము అయిదడుగుల ఆరంగుళముల బ్రాడ్‌గేజి. పట్టాల నడుమ మనిషి అడ్డముగా పండుకొన్నను దాదాపు సరిపోవును. అదే కంపెనీ 1885 నుండి రాజపుటానా–మాళ్వా మీటరుగేజి మార్గమును కూడ నడపెను. కంపెనీ పేరును మాత్రము చూచి మీటరుగేజి చిత్రమును సూరతు ప్రాంతమునకు అంటగట్టుట సులభము. దగ్గరలోని బిలిమోరా–వఘయి మార్గము రెండున్నర అడుగుల సన్నని గేజి. ఈ కొలత ఒక్కటే సగము వివాదములను తీర్చును. హైదరాబాదు చిత్రములందును ఇదే మేలైన పద్ధతి: మీటరుగేజి కాలములో కాచిగూడను నాంపల్లినుండి వేరుచేయుటకు భవనపు గుమ్మటములకంటె పట్టాల వెడల్పే నమ్మదగినది.

ఇక సిగ్నలు. రెక్క సిగ్నలు రైలుతో పుట్టినది కాదు. 1790 దశకములో ఫ్రాన్సుదేశమున షాప్ సోదరులు కొండలమీదను గోపురములమీదను కర్రచేతులు నిలిపి వార్తలు పంపిరి. మనదేశములోను కలకత్తానుండి చునారు దిక్కుగా ఇట్టి వార్తా గోపురములు 19వ శతాబ్దపు తొలి దశకములలో వెలసినవి. 1841 ప్రాంతమున చార్లెస్ హటన్ గ్రెగరీ అను ఇంజనీరు లండను సమీపమున న్యూక్రాస్ వద్ద ఆ చేతిని రైలుకు పెట్టెను. చేయి అడ్డముగా చాచియున్నచో ఆగుము, క్రిందికి వాలినచో పొమ్ము. తొలినాటి సిగ్నళ్లలో స్తంభము నిలువున చీలియుండెడిది. దారి పూర్తిగా నిరపాయమైనపుడు రెక్క ఆ చీలికలోనికి దిగి కనబడకుండ పోయెడిది. ఇంగ్లండునాటి అతి ప్రాచీన చిత్రములలో రెక్కలేని స్తంభమును చూచి ‘విరిగిన సిగ్నలు’ అని వ్రాసినవారు ఈ సంగతి ఎరుగనివారు. అక్కడ లేకపోవుటయే ఒక వాక్యము.

ఆ చీలిక స్తంభము పోవుటకు మంచు కారణమయ్యెను. 1876 జనవరిలో ఇంగ్లండులోని ఆబట్స్ రిప్టన్ వద్ద మంచు గడ్డకట్టి రెక్క చీలికలోనే ఇరుక్కొనెను. ఆగవలసిన బండికి ‘పొమ్ము’ అని కనబడెను. బండ్లు ఢీకొన్నవి. అటు తరువాత రెక్క సహజస్థితి ‘ఆగుము’గా ఉండవలెనను నియమము బలపడినది. రాత్రి దీపమునకు సంబంధించినంతవరకు తెల్లని వెలుగే ‘పొమ్ము’ అను పాత ఆచారము కూడ క్రమముగా పోయి, ఆకుపచ్చ వచ్చినది. ఈ మార్పు ఛాయాచిత్రములో కంటికి కనబడును. రెక్క మొదట కళ్లజోడువంటి ఇనుప చట్రముండును. అందులో ఒక్క గాజే ఉన్నచో అది ఎరుపునకు మాత్రమే. తెలుపునకు గాజు అక్కరలేదు. రెండు గాజులున్నచో ఆకుపచ్చ వచ్చిన తరువాతి కాలపుది. ఇక్కడ మరియొక చిన్న విశేషము: ఆ రెండవ గాజు అచ్చముగా ఆకుపచ్చ కాదు, నీలము కలిసినది. కిరసనాయిలు దీపపు పసుపు కాంతి నీలి గాజుగుండ వచ్చునప్పటికి దూరమునుండి పచ్చగా కనబడును. కావుననే పగటి చిత్రములో ఆ గాజు ఎర్ర గాజుకంటె తేలికగా పడును.

రంగులను గూర్చి పాత చిత్రము చెప్పు మాటను ఎంతవరకు నమ్మవచ్చును? బొత్తిగా నమ్మరాదు. తడి కొలోడియను ఫలకములు గాని, 1871లో మాడక్స్ సూచించి 1880 దశకములో వ్యాపించిన పొడి ఫలకములు గాని మొదట నీలి కాంతికే స్పందించెడివి. ఎరుపు నల్లబడెడిది, పసుపు నల్లబడెడిది, ఆకాశము మాత్రము కాగితమువలె తెల్లబడెడిది. అన్ని రంగులకును స్పందించు ఫలకములు అంగడికి వచ్చినది 1906లో. అవి సామాన్యుల చేతికి వచ్చుటకు ఇంకను కాలము పట్టెను. తరువాతి కాలమున చేతితో రంగులద్దిన పోస్టుకార్డుల సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఆ రంగులు ఛాయాగ్రాహకుడు చూచినవి కావు, కుంచె పట్టినవాడు ఊహించినవి. కావున రంగును విడిచి ఆకారమును పట్టుకొనవలెను. ఎర్రని రెక్కమీది తెల్లని పట్టీ నల్లనిదానిమీద తెల్లగా తేలును. అది ఆపు సిగ్నలు. కొన చేపతోకవలె చీలియున్నచో అది వార్నరు, అనగా ముందున్న సిగ్నళ్ల స్థితిని ముందుగా తెలుపునది. మన పాత పద్ధతిలో ఔటరు రెక్క క్రింద అదే స్తంభమునకు వార్నరు రెక్కను తగిలించెడివారు. పొలముల నడుమ ఒంటరిగా నిలిచిన స్తంభమునకు పైన మొండి కొన రెక్కయు, క్రింద తోకచీలిక రెక్కయు ఉన్న చిత్రము దొరికినచో, స్టేషను భవనము కనబడకపోయినను, స్టేషను దగ్గరపడుచున్నదని తెలియును.

చిత్రము ఏ దిక్కునుండి తీసినది? దీనికే సిగ్నలు తిరుగులేని సమాధానమిచ్చును. మనదేశమున బండ్లు ఎడమవైపున నడచును. డ్రైవరు చూపునకు రెక్క స్తంభమునకు ఎడమ ప్రక్కకు చాచియుండును. చిత్రములో రెక్క ఎడమకు ఉండి, నల్లని రెక్కమీద తెల్లపట్టీ కనబడినచో మనము డ్రైవరు చూచినట్లే చూచుచున్నాము. రెక్క కుడికి ఉన్నచో రెండు సందేహములు: వెనుకనుండి తీసిన చిత్రమా, లేక గాజు ఫలకమును తిరగవేసి అచ్చువేసినారా? గాజు ఫలకము రెండువైపులను ఒక్కతీరుగా ఉండుటచే ఈ రెండవ తప్పు అచ్చుకూటములలో తరచు జరుగును. అయితే రెక్క వెన్నుకు సాధారణముగా తెల్లరంగు వేసి నల్లపట్టీ దిద్దెడివారు. కుడికి చాచిన రెక్క తెల్లగా, పట్టీ నల్లగా ఉన్నచో చిత్రము సరియే, మనము వెనుకనున్నాము. కుడికి చాచిన రెక్క నల్లగా, పట్టీ తెల్లగా ఉన్నచో ఫలకము తిరగబడినది. అమెరికాలోవలె రెక్క కుడికి చాచు దేశపు చిత్రము మన ఆల్బములో చొరబడియుండుట మూడవ అవకాశము. దానిని పెట్టెల తీరు, పట్టాల వెడల్పు వెంటనే బయటపెట్టును. ఫలకము తిరగబడిన చిత్రమును అట్లే నమ్మినవాడు సముద్రమును తూర్పునకు తెచ్చి, స్టేషను భవనమును పట్టాలకు అవతల కట్టును.

దీనికి నీడను జోడించవలెను. సచిన్ వద్ద మార్గము దాదాపు ఉత్తర దక్షిణములుగా సాగును. ఆ ఊరు కర్కటరేఖకు కొంచెము దక్షిణమున ఉన్నది. ఎండకాలపు చివర కొన్ని వారములు తప్ప మధ్యాహ్నపు నీడ ఉత్తరమునకే పడును. అనగా నడిపొద్దున స్తంభము నీడ పట్టాల వెంబడి సూరతు దిక్కుగా పోవును. రెక్క ముఖము మనవైపుండి నీడ మననుండి దూరముగా సాగుచున్నచో కెమేరా ఉత్తరమునకు చూచుచున్నది. ఆ సిగ్నలు సూరతు వైపు పోవు బండ్లకు, అనగా పశ్చిమ రైల్వే పరిభాషలో డౌను బండ్లకు పెట్టినది. ఇంత నిర్ధారణ ఒక్క రెక్కనుండి, ఒక్క నీడనుండి వచ్చును. అడుగున వ్రాసిన పేరు ఇంతలో పాతికవంతు కూడ చెప్పదు.

సచిన్‌కును దాని పొరుగు స్టేషనులకును నడుమ తికమక ఎక్కువ. సూరతునుండి దక్షిణముగా వచ్చునపుడు ఉధనా, భేస్తాన్, సచిన్, మరోలి వరుసగా వచ్చును. వీటిలో ఉధనా జంక్షను. తపతీ లోయ రైలుమార్గము అక్కడ కలియును. ఆంధ్ర తెలంగాణములనుండి భుసావళ్ మీదుగా సూరతు చేరు బండ్లు ఆ మార్గముననే వచ్చును. ఆ మార్గము 1900 ప్రాంతమున ఏర్పడినది. దారి చీలుచోట ఒకే స్తంభముమీద అడ్డుదూలము వేసి, దానిమీద రెండు మూడు చిన్న స్తంభములు నిలిపి, ఒక్కొక్క దారికి ఒక్కొక్క రెక్క తగిలించెడివారు. ప్రధాన మార్గపు రెక్క అన్నిటికంటె ఎత్తుగా ఉండెడిది. అట్టి కొమ్మల సిగ్నలు ప్రధాన మార్గమునుండి మరియొక మార్గము విడిపోవు రూపములో ఉన్నచో, ‘సచిన్’ అను పేరును అనుమానించి ఉధనాను తలచుట న్యాయము. అయితే తొందరపడరాదు. చిన్న స్టేషనులోను ప్రక్క లైనుకు వేరు రెక్క ఉండవచ్చును. రెక్కల ఎత్తులలోని తేడా ఎంత, లైనులు మరల కలియుచున్నవా, దూరముగా విడిపోవుచున్నవా అని భూతద్దముతో చూచిన తరువాతనే తీర్పు.

కేబిను సంగతి కొంత చెప్పవలెను. అమెరికావారు దీనిని టవరు అందురు. ఇంగ్లీషు వారు బాక్సు అందురు. మన రైలువారికి కేబిను. మేడవలె రెండంతస్తులు, పై అంతస్తునకు చుట్టును కిటికీలు, ప్రక్కగా మెట్లు. దూరమునుండి తీసిన చిత్రములో దీనిని నీళ్ల తొట్టి గోపురముగా పొరబడుట కలదు. నీళ్ల గోపురమునకు కిటికీలుండవు, ప్రక్కన ఇంజనుకు నీరు పోయు వంగిన గొట్టముండును. కేబిను అడుగునుండి పట్టాల వెంబడి సన్నని ఇనుప కడ్డీలు చక్రములమీద సాగుచుండును, తీగలు చిన్న గుంజలమీద పోవును. కడ్డీలు పాయింట్లకు, తీగలు సిగ్నళ్లకు. క్రింది అంతస్తులో ఉన్నది లీవర్లను ఒకదానితో ఒకటి బంధించు యంత్రము. 1856లో జాన్ శాక్స్‌బీ ఇంగ్లండులో హక్కు పొందిన ఏర్పాటునుండి పెరిగినది ఇది: పాయింట్లు ఒక దారికి ఉండగా సిగ్నలు మరియొక దారికి ‘పొమ్ము’ అని చెప్పజాలదు. ఆ బంధము తెగినచో ఏమగునో 2023 జూన్ 2న బాలాసోరు సమీపమున బహనగా బజారు స్టేషను వద్ద దేశము చూచినది. సిగ్నలు తిన్నని దారికి పచ్చచూపెను, పాయింటు ప్రక్క లైనుకు ఉండెను, కోరమండల్ ఎక్స్‌ప్రెస్సు నిలిచియున్న గూడ్సుబండిమీదికి పోయెను. పాత చిత్రములోని ఆ కిటికీల గదిని అలంకారముగా చూచి దాటిపోవుట ఎంత తప్పో దీనినిబట్టి ఊహింపవచ్చును.

సిగ్నలు స్తంభపు నెత్తిన ఒక లోహపు కొప్పు ఉండును. వాన నీరు స్తంభములోనికి దిగకుండుట దాని పని. కాని శాక్స్‌బీ అండ్ ఫార్మర్, స్టీవెన్స్, మెకెంజీ అండ్ హాలండ్ వంటి తయారీదారులు దానిని తమ తమ తీరున మలచిరి. ఒకరిది శూలమువలె, మరియొకరిది గోళముమీద ముల్లువలె. శాసనపు అక్షరములకు తలకట్టు ఎట్టిదో ఈ స్తంభమునకు ఈ కొప్పు అట్టిది. మల్లంపల్లి సోమశేఖరశర్మగారి వంటి పరిశోధకులు శాసనలిపిమీద పెట్టిన దృష్టిలో కొంత ఈ కొప్పులమీద పెట్టినచో ఫలితముండును. అయితే దీనికి ఒక హద్దు కలదు. స్తంభము ఒక సంవత్సరమున నిలిపినది, రెక్క వేరొక సంవత్సరమున మార్చినది, గాజు మరియొకప్పుడు పెట్టినది కావచ్చును. కొప్పు స్తంభము వయస్సును చెప్పును గాని చిత్రము వయస్సును చెప్పదు. చిత్రము కాలమును నిర్ణయించునది అందులోని వస్తువులలో అన్నిటికంటె క్రొత్తది.

రెక్క పైకి లేచిన చిత్రము వేరొక తరగతికి చెందినది. బ్రిటనులో 1920 దశకమునుండి వాలు రెక్కకు బదులు లేచు రెక్క వ్యాపించెను. తీగ తెగినను బరువుచేత రెక్క తిరిగి అడ్డముగా పడి ‘ఆగుము’ అనును. మనదేశములో రెండును చాలకాలము ప్రక్కప్రక్కన బ్రదికినవి. రెక్క నలుబదియైదు డిగ్రీలు పైకి లేచియున్న చిత్రమును 19వ శతాబ్దపు సచిన్ అని చెప్పువానిని నమ్మనక్కరలేదు.

ఇచ్చట భాష ఒక సాక్ష్యమిచ్చును. ‘సిగ్నలు డౌనయినది’, ‘రెక్క వాలినది’ అను మాటలు బండి వచ్చుచున్నదనుటకు పర్యాయములుగా వాడబడినవి. వాలు రెక్క కాలమున పుట్టిన మాటలివి. రెక్క పైకి లేచిన తరువాతను, రెక్కయే పోయి రంగుదీపములు వచ్చిన తరువాతను నిలిచినవి. ‘బండి ఔటరులో ఆగినది’ అని ఇప్పటికిని ప్రయాణికులు విసుగుకొందురు. ఆ ఔటరు రెక్కను కన్నవారు వారిలో కొందరే. ధూమశకటమని సంస్కృతములో కూర్చిన పేర్లు పరిహాసమునకు మిగిలినవి గాని, ఔటరు, కేబిను, పాయింటు, లైను క్లియరు అను మాటలు ఎవరి అనుమతియు లేకయే తెలుగైనవి. నిఘంటుకారులు వీటిని అన్యదేశ్యములని ఒక మూలకు నెట్టకుండ, ఏ వస్తువునుండి ఏ కాలమున వచ్చినవో వ్రాసినచో పాత చిత్రములు చదువువారికి కూడ మేలు చేసినవారగుదురు.

వీటన్నిటికి ఆధారము చిత్రమే గాని వేరొకటి మిగులలేదు. రెక్క సిగ్నళ్లు ప్రధాన మార్గములనుండి తొలగిపోయినవి. లీవర్లు లాగిన కేబినువారు, సంధ్యవేళ నిచ్చెన ఎక్కి దీపము పెట్టిన లాంపుమనుషులు విరమించిరి. అట్టి ఒక్క మనిషి చూపి చెప్పగలిగినది పది గ్రంథములు చదివినను తెలియదు. ‘ఈ తీగ ఇటు పోవుచున్నది, కనుక ఈ రెక్క మా కేబినుది కాదు’ అని అతడు ఒక్క క్షణములో చెప్పును. చిత్రములను ఇప్పుడు యంత్రములతో ప్రతులు తీసి వేలకొలది భద్రపరచుచున్నారు. లండనులోని బ్రిటిష్ లైబ్రరీలోను, 1977లో వెలసిన న్యూఢిల్లీ జాతీయ రైలు మ్యూజియములోను ఉన్న సంపద తక్కువది కాదు. లాలా దీనదయాళుని గాజు ఫలకములు పెక్కు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రములో ఉన్నవి. కాని ప్రతి తీయుచున్న వేగముతో పేర్లు సరిచూచుట లేదు. పెన్సిలు తప్పు ఇప్పుడు యంత్రము తప్పుగా మారి, వెదకినవానికెల్ల మొదట కనబడుచున్నది.

తెలుగు స్టేషనుల చిత్రములు ఏ ఇంటి అటకమీదనో ఉన్నవారు, సూరతు మగ్గములవద్ద రెండు మూడు తరములు గడిపి తొలినాళ్ల ప్రయాణపు చిత్రములు దాచుకొన్నవారు, వాటి వెనుక ఊరి పేరు వ్రాయుటకు ముందు విశ్రాంత రైలు ఉద్యోగిని ఒకనిని కూర్చుండబెట్టి చూపించుట మంచిది. పాత పెన్సిలు పేరును చెరుపనక్కరలేదు. అదియు ఒక పాఠాంతరమే. దాని ప్రక్కన ఇంత వ్రాసిన చాలును: ‘బ్రాడ్‌గేజి. వాలు రెక్క. ఔటరు, వార్నరు ఒకే స్తంభముమీద. రెండు గాజుల చట్రము. రెక్క ముఖము కెమేరావైపు, నీడ ఉత్తరమునకు. సూరతు పోవు బండ్లకు పెట్టిన సిగ్నలు కావచ్చును. విద్యుత్ స్తంభములు లేవు. 1970 దశకమునకు ముందుది. సచిన్ అని పూర్వపు గుర్తింపు, నిర్ధారణ కాలేదు.’